మీగాలు

జూన్ 9, సోమవారం

ఈ నోటుబుక్కు తెలుగులో రాస్తాను. మా మెడికల్ కాలేజీ హాస్టల్ మొత్తంలో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే, కాబట్టి తాళం అక్కర్లేదు. నాకైనా చదవడం వచ్చి రెండేళ్ళే. స్కూలంతా మరాఠీ, ఇంట్లో మాట మాత్రం తెలుగు. బాపు గనిలో రిటైరయ్యాక అమ్మా బాపూ భద్రావతి క్వార్టర్ ఖాళీ చేసి మంచిర్యాలకు, అన్న దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత చంద్రపూర్‌లో నాతో తెలుగు మాట్లాడే మనుషులు లేకుండా పోయారు. అప్పుడే అక్షరాలు నేర్చుకున్నాను. ఒక నిఘంటువు కొన్నాను. రోజుకు ఐదు మాటలు.

ఇవాళ్టివి: చీలమండ, తుంటి, పిక్క, మణికట్టు, మీగాలు. మీగాలు అంటే పాదం పైభాగం. అరికాలు తెలుసు. దానికి అవతలి వైపున్న దానికీ ఒక పేరుందని ఇరవై రెండేళ్ళు తెలియదు. మూడుసార్లు పైకి చదివాను.

ఇలా పైకి చదవడం వల్లే ఆశ గది మారింది. మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. నువ్వు చదివితే నా కలల్లో కూడా ఎముకలు వస్తున్నాయి అంది, నవ్వుతూనే. ఇప్పుడు పై అంతస్తులో ఉంటోంది. మెస్‌లో కనిపిస్తే చెయ్యి ఊపుతుంది. చాలా బాగా ఊపుతుంది.

రేపటినుంచి ఎముకల వార్డులో పోస్టింగ్.

జూన్ 10, మంగళవారం

మా యూనిట్ రెసిడెంటు పేరు సంజయ్ సర్. నిద్ర సరిపోని మనిషి. పదకొండో మంచం దగ్గర ఆగి, మీలో తెలుగు ఎవరికి వచ్చని అడిగారు. చెయ్యెత్తాను. ఈ కాలేజీలో నా చెయ్యి ఒక్కటే పైకి లేచిన సందర్భం ఇదే అనుకుంటాను.

పేషెంటు పేరు మల్లేష్. యాభైకి దగ్గర. ఊరు రాజురా అవతల లక్కడ్‌కోట్. గడ్‌చాందూర్‌లో సిమెంటు లారీ నడుపుతాడు. లోడు మీద తాడ్‌పత్రి పట్టా కట్టి దిగుతూ జారిపడ్డాడు. కుడి తొడ ఎముక మధ్యకు విరిగింది. హిందీ బాగానే వచ్చు కానీ నొప్పిలో తెలుగు తప్ప రావడం లేదు.

మోకాలి కింద ఎముకలోంచి ఒక కమ్మీ దూర్చి, దానికి తాడు కట్టి బరువు వేలాడదీశారు. కాలు ఇనుప చట్రం మీద ఉంది. చట్రానికి గుడ్డ పట్టీలు చుట్టారు గానీ పక్కల ఇనుము ఇనుములాగే ఉంది. ఆపరేషన్ వచ్చే మంగళవారం. అప్పటిదాకా రోజూ సాయంత్రం ఐదింటికి పాదం చూసి చార్టు నింపాలి. ఆ పని నాది.

చార్టులో ఐదు గళ్ళు. రంగు, వేడి, నాడి, స్పర్శ, కదలిక. కదలిక గడి మళ్ళీ రెండు సగాలు: బొటనవేలు కిందికి వంచడం, పైకి లేపడం. వంచే నరం వేరు, లేపే నరం వేరు. సంజయ్ సర్ ఒకసారి చేసి చూపించారు. మల్లేష్ వేలు కిందికి వంగింది, పైకి లేచింది. రెండూ నా కళ్ళతో చూశాను.

ఐదు టిక్కులు. అందంగా పెట్టాను.

జూన్ 11, బుధవారం

ఆయన నన్ను మొదట అడిగింది మా అమ్మది ఏ ఊరని. ఆసిఫాబాద్ దగ్గర అని చెబితే, ఆ ఊరి పేరు చెప్పించి, తన చిన్నక్కను అక్కడే ఇచ్చారని, ఆ ఇంటి పక్కిల్లు ఎవరిదని, ఇలా తిప్పి తిప్పి ఐదు నిమిషాల్లో నాకు చిన్నాన్న వరుస, అంటే కాక అయిపోయాడు. ఆయన భార్య సత్తమ్మ పక్కనే కూర్చుని, అవునవును, ఈ పిల్ల ముక్కు ఆ ఇంటి ముక్కే అంది.

చూడడానికి దుప్పటి తీయబోతే కాక అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు బిడ్డ. నువ్ నా కాళ్లు ముట్టద్దు."

డాక్టర్లు ముట్టకపోతే ఎట్ల కాక అన్నాను.

"డాక్టర్లు ముడితె ముట్టనియ్. నువ్ మన పిల్లవు. మా ఇంట్ల ఆడబిడ్డతోని కాళ్లు ముట్టించుకోం. పాపం తలుగుతది."

మన పిల్లవు. ఆ మాట విని నేను దుప్పటి వదిలేశాను. వేళ్ళు ఆడుతున్నాయా అని అడిగాను. ఆడుతున్నయ్ సూడు అన్నాడు. దుప్పటి కింద ఏదో కదిలింది.

నాడి గడిలో కూడా టిక్కు పెట్టాను. నిన్న ఉన్న నాడి ఇవాళ ఎక్కడికి పోతుంది?

సత్తమ్మ సాయంత్రం బస్సుకు ఊరెళ్ళింది. పత్తి గింజలు పెట్టే రోజులు. మావోన్ని జర సూస్తుండు బిడ్డా అని నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

జూన్ 12, గురువారం

ఇవాళ ఒక నరం చదివాను. కామన్ పెరోనియల్. తొడ వెనక పెద్ద నరంలో భాగంగా దిగివస్తుంది. మోకాలి వెనక దాన్నుంచి విడిపోతుంది. అక్కడినుంచి బయటి వైపుకు వచ్చి, పిక్క పక్కనుండే సన్న ఎముక మెడ చుట్టూ కండువాలాగా తిరుగుతుంది. ఆ చోట దాని మీద కండ లేదు, కొవ్వు లేదు. ఉత్త చర్మం. శరీరం ఇంత ముఖ్యమైనదాన్ని ఇంత బయట ఎందుకు పెట్టిందో తెలియదు. పాదం పైకి లేచేది దీనివల్లే. మీగాలికి స్పర్శ వచ్చేది దీనివల్లే. మంచంలో ఉన్నవాళ్ళ కాలు బయటికి ఒరిగితే ఈ నరం ఎముకకూ చట్రానికీ మధ్య నలుగుతుందని ఒక వాక్యం ఉంది. ఎర్ర పెన్నుతో గీత గీశాను. పరీక్షలో అడగవచ్చు.

బొమ్మ కూడా వేశాను. బాగా వచ్చింది. చూపించడానికి ఎవరూ లేక, ఐదింటికి కాకకు చూపించాను. ఇది నరమా, రాజురా పోయే రోడ్డా అన్నాడు.

టిక్కులు.

జూన్ 13, శుక్రవారం

కాక దగ్గర ఏరుకున్న మాటలు: బొక్క (అంటే ఎముకే), పక్కబొక్కలు, ఎన్నుబొక్క, బొటనేలు, గోరు. ఇవన్నీ మా అమ్మ నోట విన్నవే, కానీ రాసుకుంటే కొత్తగా ఉన్నాయి. నేను రాస్తుంటే ఆగి ఆగి చెబుతాడు, లారీని వెనక్కి తీసేటప్పుడు క్లీనర్ చెప్పినట్టు.

జూన్ 14, శనివారం

కాలి మీద చీమలు పారినట్టుంది అన్నాడు కాక. "తిమ్మిరి పట్టింది బిడ్డ. మొద్దు లెక్క ఉన్నది."

తిమ్మిరి. ఎంత చక్కటి మాట. పలుకుతుంటేనే నాలుక చివర అదే జరుగుతుంది. మరాఠీలో ముంగ్యా అంటారు, అంటే చీమలే. తెలుగులో చీమలు లేవు, ఉత్త శబ్దం ఉంది. రోజంతా అనుకుంటూ తిరిగాను.

పండుకుంటే గట్లనే ఉంటది గదా అని ఆయనే అన్నాడు. ఉంటది కాక అన్నాను.

టిక్కులు.

జూన్ 15, ఆదివారం

పై అంతస్తులో ఎవరిదో పుట్టినరోజు. నవ్వులు మెట్లమీదుగా కిందికి వస్తున్నాయి. ఆదివారం నాకు డ్యూటీ లేదు. అయినా పదకొండింటికే వార్డుకు వెళ్ళి సాయంత్రం దాకా ఉన్నాను.

లక్కడ్‌కోట్ నుంచి ఎవరో జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తెచ్చారు. కాక నాకు సగం పెట్టాడు. పన్నెండో మంచం మీద తుంటి విరిగిన బాపురావు అని మరాఠీ ముసలాయన ఉన్నాడు. నన్ను చూసినప్పుడల్లా ఏదో ఒకటి అంటాడు. ఇవాళ, మా డాక్టరీణబాయి కాలు చూడడానికి రాదు, కథ వినడానికి వస్తుంది, నా దగ్గర కూడా మంచి కథలున్నాయి గానీ మరాఠీలో ఉన్నాయి, ఏం చేస్తాం అన్నాడు. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కాక లారీ గురించి చెప్పాడు. బ్రేకు తొక్కడం ఎవడికైనా వస్తుందట. ఆక్సిలరేటర్ మీంచి కాలు ఎప్పుడు లేపాలో తెలిసినవాడే డ్రైవరట.

జూన్ 16, సోమవారం

రేపు ఆపరేషన్. సత్తమ్మ వచ్చింది. ఐదు టిక్కులు. చార్టు ఇంత శుభ్రంగా ఎవరూ రాయరని సంజయ్ సర్ అన్నారు.

జూన్ 17, మంగళవారం

ఆపరేషన్ బాగా జరిగింది. నేను థియేటర్‌లో మూలన నిలబడ్డాను. మా యూనిట్ హెడ్డు, పెద్ద సర్, ఎముకకు ప్లేటు వేశారు. సంజయ్ సర్ రెండు గంటలు కండను కొక్కెంతో లాగి పట్టుకుని నిలబడ్డారు. ఒక్కసారి కూడా వదలలేదు.

జూన్ 18, బుధవారం

పాదం లేవడం లేదు.

నడుముకు ఇచ్చిన మత్తు దిగి చాలాసేపైంది. పొద్దున సంజయ్ సర్ దుప్పటి తీసి, వేలు పైకి లేపమన్నారు. కాక ముఖం బిగించాడు. వేలు లేవలేదు. కిందికి వంచమంటే వంగింది. పైకి లేదు. సర్ మీగాలి మీద సూది మొనతో తాకారు. తెలుస్తలేదు అన్నాడు కాక.

పెద్ద సర్ వచ్చారు. చార్టు తీశారు. ఆపరేషన్ ముందు సాయంత్రం దాకా అన్నీ ఉన్నాయి, అన్నీ బాగున్నాయి. అంటే ఆపరేషన్‌లో జరిగిందన్నమాట. కొక్కెం కింద నరం నలిగి ఉండాలి, లేదా ప్లేటు కింద ఇరుక్కుని ఉండాలి. సంజయ్ సర్ తన చేతుల వంక చూసుకున్నారు.

ఈ చార్టు ఎవరిదని అడిగారు పెద్ద సర్. నాదన్నాను.

రోజూ చూశావా అన్నారు.

చూశాను సర్ అన్నాను.

అడిగాను కదా. ఆయన ఆడించాడు. దుప్పటి కదిలింది. చూడడమంటే అదే కదా.

జూన్ 19, గురువారం

రోజంతా లైబ్రరీలో ఉన్నాను. నరం ఎక్కడ దెబ్బతిందో కండలు చెబుతాయి. మోకాలి దగ్గర నలిగితే పాదం పైకి లేవదు, బయటికి తిరగదు, కిందికి వంగుతుంది. తొడలో పెద్ద నరం నలిగితే అన్నీ పోవాలి. కాక వేలు కిందికి వంగుతోంది. ఇక్కడిదాకా చదివి ఊపిరి తీసుకున్నాను. ఆపరేషన్‌లో కాదు, మోకాలి దగ్గరే. పుస్తకమే తేల్చేసింది, నేను మాట్లాడే పని లేదు అనుకున్నాను.

తర్వాతి పేజీలో ఉంది. తొడలో కూడా ఆ నరం రెండు పాయలుగానే నడుస్తుంది, దెబ్బ తగిలితే ఎక్కువగా బయటి పాయకే తగులుతుంది, అప్పుడు చూడడానికి సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఆ పాయ తొడలో ఒకే ఒక్క కండకు వెళ్తుంది. ఆ కండ పనిచేస్తుందో లేదో చూస్తే తేలిపోతుంది. కానీ అది మోకాలిని మడిచే కండ, తొడకు మొన్ననే కోత పడింది, ఆయన మోకాలు మడవలేడు. నరాల పరీక్ష నాగపూర్‌లో చేస్తారు, మూడు వారాలు గడిస్తే గానీ సరిగ్గా చెప్పదు.

అంటే ఎప్పుడు మొదలైందన్న దాని మీదే అంతా ఉంది. ఎప్పుడన్నది చార్టులో ఉంది.

పెద్ద సర్ సోమవారం మళ్ళీ తొడ తెరిచి నరాన్ని వెతుకుతామన్నారు. నిజంగా ఇరుక్కుని ఉంటే ఆలస్యం చేయకూడదట.

ఒకవేళ ఆపరేషన్‌లోనే జరిగిందేమో. కావచ్చు కదా. నేను చూడకపోయినంత మాత్రాన ముందు నుంచీ ఉన్నట్టు కాదు. కావచ్చు.

ఈ నోటుబుక్కు వెనక పేజీలు తిప్పాను. పద్నాలుగో తారీకు దగ్గర ఆగాను. మూసేశాను.

జూన్ 20, శుక్రవారం

ఐదింటికి వెళ్ళాను. సత్తమ్మ నీళ్ళకు వెళ్ళింది. కాక నన్ను దగ్గరికి రమ్మని, బాపురావుకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"సంజయ్ డాక్టర్ అడిగిండు బిడ్డ, రోజు సూసేదా అని. నేను సెప్పిన. కాలు చేత వట్టుకొని సూసేది, ఏలు లేపిచ్చేది, నేను లేపేటోన్ని అని సెప్పిన. నీకు ఫికర్ లేదు."

ఎందుకట్ల చెప్పినవు కాక అన్నాను.

"మరి ముట్టద్దన్నది నేనే గదా. నీ మీదికి ఎందుకు రానిస్త?"

కాలు ఆపరేషన్ తర్వాత చట్రం మీద లేదు, మామూలుగా మంచం మీద ఉంది. నేను దుప్పటి తీశాను. ఆయన వద్దు బిడ్డా అంటుండగానే తీశాను. మీగాలి మీద చెయ్యి పెట్టాను. ఇన్ని రోజుల్లో మొదటిసారి. వెచ్చగా ఉంది. అక్కడ నా చెయ్యి ఉన్నట్టు ఆయనకు తెలియదు. కిటికీ వంక చూస్తున్నాడు.

మోకాలికి బయటి వైపు, నాలుగు వేళ్ళ కింద, చర్మం మీద ఒక మచ్చ ఉంది. పొడుగ్గా, గోధుమరంగులో, అంచులు నలుపెక్కి. కమ్మీ దూర్చినప్పటిదని అందరూ అనుకుని ఉంటారు. కమ్మీ రంధ్రం దానికి పైన, వేరే చోట ఉంది. ఈ మచ్చ చట్రం కడ్డీ అంత వెడల్పుంది. వేలితో మెల్లగా కొట్టాను. కాక ఉలిక్కిపడ్డాడు. కరెంటు కొట్టినట్టు కాలి మీదికి పాకిందన్నాడు.

అది ఎక్కడో నాకు తెలుసు. అక్కడ కండ ఉండదు, కొవ్వు ఉండదు. నేనే బొమ్మ వేశాను.

జూన్ 21, శనివారం

రాయాలి.

రౌండు తొమ్మిదింటికి మొదలైంది. పదకొండో మంచం దగ్గర పెద్ద సర్, సంజయ్ సర్, మేం ఎనిమిది మందిమి. సోమవారం ఆపరేషన్ సంగతి పెద్ద సర్ కాకకు హిందీలో చెప్పారు. కాక సరేనని తల ఊపి, అడగకుండానే మళ్ళీ మొదలుపెట్టాడు. ఈ పిల్ల రోజూ చూసింది సాబ్, చేత్తో పట్టుకుని చూసింది, పిల్ల తప్పేం లేదు అని.

నేను మరాఠీలో, లేదు సర్ అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను. నేను చూడలేదు సర్. మొదటి రోజు సంజయ్ సర్ చూశారు. తర్వాత ఆరు రోజులు నేను దుప్పటి తీయలేదు. అడిగి టిక్కులు పెట్టాను.

కాక నా వంక చూశాడు. ఆయనకు మరాఠీ బాగానే వచ్చు.

నాడి కూడా అడిగి పెట్టావా అన్నారు పెద్ద సర్. అవునన్నాను. ఆశ మా గుంపులోనే ఉంది. నేల చూస్తోంది.

పద్నాలుగో తారీకున ఆయన కాలి మీద తిమ్మిరి అని చెప్పాడన్నాను. చార్టులో లేదే అన్నారు. నా నోటుబుక్కులో ఉందన్నాను. తెచ్చుకున్నాను. ఆ పేజీ చదివి మరాఠీలో చెప్పమన్నారు. చెప్పాను. చీమలు పారినట్టుంది అన్నాడు, మొద్దులాగా ఉందన్నాడు అని చెప్పాను. మిగతా వాక్యాలు వదిలేశాను. ఇంత రాసుకున్నదానివి చార్టులో ఎందుకు రాయలేదని సంజయ్ సర్ అడిగారు. ఆ రోజు నాకది రోగ లక్షణంలాగా వినపడలేదు.

మచ్చ చూపించాను. పెద్ద సర్ వేలితో కొట్టారు. కాక ఉలిక్కిపడ్డాడు. సర్ ఇంకోసారి, కొంచెం పైన, కొంచెం కింద కొట్టారు. అక్కడ ఏమీ లేదు, ఇక్కడే ఉంది. చాలాసేపు వంగి చూశారు. తర్వాత సోమవారానికి రాసిన ఆపరేషన్ కొట్టేయమన్నారు. పాదానికి ఆనిక (స్ప్లింటు) కట్టి ఉంచాలి, నరం దానంతట అది తిరిగి రావాలి, మూడు వారాలకు నాగపూర్ పరీక్ష. వస్తుందా అని ఎవరో అడిగారు. రావచ్చు అన్నారు. నెలలు పట్టవచ్చు, పూర్తిగా రాకపోవచ్చు.

సంజయ్ సర్ బాపురావు మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. రౌండులో రెసిడెంటు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

నన్నెవరూ తిట్టలేదు. ఆరు వరసల మీద ఎర్ర గీత కొట్టించి, ప్రతి గీత పక్కనా 'పరీక్ష చేయలేదు' అని రాయించి, సంతకం పెట్టించారు. పోస్టింగ్ మళ్ళీ మొదటినుంచి చేయాలి. ఇప్పుడున్న రోజులు లెక్కలోకి రావు.

బాపురావు ఇవాళ దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

జూన్ 22, ఆదివారం

వాన మొదలైంది. వెళ్ళలేదు.

జూన్ 23, సోమవారం

పోస్టింగ్ ఉన్నా లేకపోయినా పాదం చార్టు నేనే రాస్తానని సంజయ్ సర్‌ను అడిగాను. నా ముందు చూడు, నా ముందు రాయి అన్నారు.

కాక కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్ర కాదు. నేను కాకా అన్నాను. కళ్ళు తెరవకుండానే మాట్లాడాడు.

"అందరి ముందట నన్ను అబద్ధాలోన్ని చేసినవ్."

చెప్పకపోతే ఇవాళ తొడ మళ్ళీ కోసేవాళ్ళు కాక అన్నాను.

"కోస్తే కోసేటోళ్లు. నా తొడ గదా. నేను ఒప్పుకున్న గదా."

సంజయ్ సర్ చెయ్యి వల్లే ఖరాబైందని అందరూ అనుకునేవాళ్ళు అన్నాను. అది కూడా నిజమే. కానీ ఆ మాట చెప్పడానికి నేను రాలేదు. క్షమించమని అడగడానికి వచ్చాను. నిఘంటువులో దానికి ఎన్నో మాటలున్నాయి. ఒక్కటీ మా ఇంట్లో ఎప్పుడూ అనగా వినలేదు. మా ఇంట్లో తప్పు చేసినవాళ్ళు ఊరికే పక్కన కూర్చుంటారు. కూర్చున్నాను.

ఆయనే అన్నాడు.

"తొక్కుడు వస్తున్నది. లేపుడు వస్తలేదు. గిట్లున్న కాలుతోని లారీ ఎట్ల తోలాలె?"

నన్ను అడగలేదు. పైకప్పును అడిగాడు.

జూన్ 24, మంగళవారం

సత్తమ్మ నన్ను వరండాలో ఆపింది. కోపంగా లేదు. తెలుసుకోవాలని ఉంది ఆమెకు, అంతే.

"నువ్ సూస్తే ఏమైతుండె బిడ్డ? సూస్తే కాలు పడకపోతుండెనా?"

ఈ ప్రశ్నను నేను నాలుగు రోజులుగా పక్కకు నెడుతున్నాను. డాక్టర్లెవరూ అడగలేదు. వాళ్ళకు జవాబు తెలుసు.

పాదం బయటికి ఒరిగి ఉండడం కనపడేది అని చెప్పాను. వేలు లేవడం తగ్గుతోందని తెలిసేది. ఒక తువ్వాల చుట్టి మోకాలి పక్కన పెడితే కాలు నిటారుగా నిలబడేది, ఇనుము తగిలేది కాదు.

"తువ్వాలనా?" అంది.

తువ్వాలే అన్నాను.

ఆమె భుజం మీద ఒకటి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని, చూసి, మళ్ళీ భుజం మీద వేసుకుంది. తర్వాత లోపలికి వెళ్ళింది. ఊరికి వెళ్ళిన ఐదు రోజులూ తను ఇక్కడ ఉండి ఉంటే అని ఆలోచిస్తోందని నాకు అర్థమైంది. పత్తి గింజల గురించి ఆలోచిస్తోందని. వెనక నుంచి పిలిచి, నీ తప్పు కాదు అని చెప్పాలనుకున్నాను.

మాటలు రాసుకుని పది రోజులైంది. నిఘంటువు తీస్తే ఏ పేజీ అయినా ఎవరి శరీరమో అనిపిస్తోంది.

జూన్ 26, గురువారం

నిన్న మెస్‌లో ఆశ తన కంచం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. నేనైతే చెప్పేదాన్ని కాదు అంది. మెచ్చుకుందో, భయపడిందో తెలియలేదు. పప్పు బాగుందని చెప్పుకున్నాం. తిన్నాక పైకి వెళ్ళిపోయింది.

జూన్ 28, శనివారం

కాక రేపు డిశ్చార్జి. ఆంబులెన్సు రాజురా దాకా, అక్కడినుంచి ఎవరిదో జీపు. రెండు వారాలకొకసారి రావాలి. పాదం వేలాడకుండా ప్లాస్టిక్ ఆనిక ఇచ్చారు. దాన్ని ఎలా కట్టాలో సత్తమ్మకు నేర్పించాను. ఆమె రెండోసారికే నాకంటే బాగా కట్టింది. పట్టీ ఎక్కడా మోకాలి పక్కన నొక్కకూడదని చెప్పాను. తెలుసు అంది.

ఐదింటికి చార్టుతో వెళ్ళాను. సంజయ్ సర్ వెనక నిలబడ్డారు. నేను దుప్పటి దగ్గరికి చెయ్యి చాపకముందే కాక ఎడమ కాలితో దాన్ని పక్కకు తోసేశాడు.

"సూడు మేడం" అన్నాడు.

రంగు చూశాను. వెలుతురు సరిపోక కిటికీ రెక్క తెరిచి మళ్ళీ చూశాను. వేడి, అరచేతి వెనకవైపుతో. నాడి, రెండు వేళ్ళతో, నిమిషం పాటు లెక్కపెట్టాను. స్పర్శకు ఆయన్ను కళ్ళు మూసుకోమన్నాను. అరికాలు తెలిసింది, పక్కలు తెలిశాయి, పైన తెలియలేదు. వేలు కిందికి వంచమన్నాను. వంగింది.

పైకి లేపమన్నాను.

ఆయన ప్రయత్నించాడు. మెడ నరాలు ఉబ్బాయి, ఎడమ కాలి వేళ్ళన్నీ లేచాయి, కనుబొమ్మలు కూడా లేచాయి. సంజయ్ సర్ ముందుకు వంగారు. సత్తమ్మ నీళ్ళ సీసా పట్టుకుని నిలబడిపోయింది. నా బొటనవేలు ఆయన బొటనవేలి మీద ఉంది. అక్కడ ఏమన్నా కదిలితే అందరికంటే ముందు నాకే తెలియాలి. ఎంతసేపైనా తీయకూడదని అలాగే పట్టుకున్నాను.

చివరికి ఆయనే, చాలు అన్నాడు.

సున్నా అని రాశాను. కింద నా పేరు పూర్తిగా రాశాను.